విశాఖ హార్బరులో గాలి అధ్యయనం: మేడ మీది కొలతకూ ఓడ మీది అనుభవానికీ పొంతన కుదరడం లేదు

తీరపథికుడు:

సభ్యులందరికీ నమస్కారం. నేను సముద్ర ఇంజనీరింగులో ఎం.టెక్. చదువుతున్నాను. విశాఖపట్నం హార్బరు పరిసరాల్లో గాలి ఏ వేళ ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వీస్తుందో, అది ఓడల రాకపోకలపై ఎలాంటి ప్రభావం చూపుతుందో అధ్యయనం చేయడం నా ప్రాజెక్టు అంశం. హార్బరుకు దగ్గరలో ఉన్న ఒక కార్యాలయ భవనం మేడపై అమర్చిన, గాలిని కొలిచే అనిమోమీటరు నుంచి ఒక ఏడాది వివరాలను అనుమతి తీసుకుని సేకరించాను. ప్రతి పది నిమిషాలకు సగటు వేగం, దిశ, ఆ వ్యవధిలో నమోదైన గరిష్ఠ విసురు (క్షణకాలం పాటు వీచే బలమైన గాలి) ఇందులో ఉన్నాయి.

మూడు విషయాల దగ్గర లెక్క కుదరక ఆగిపోయాను. ఏప్రిల్, మే నెలల వివరాల ప్రకారం సముద్రపు గాలి ఉదయం అయిదున్నరకే మొదలవుతోంది. సూర్యుడు అప్పుడే పైకి వస్తుంటాడు, నేల ఇంకా వేడెక్కి ఉండదు, కాబట్టి ఇది సాధ్యం కాదని నాకు తెలుసు. చలికాలపు వివరాల్లో గాలి ఉత్తరం నుంచి వీచిన గంటలకు కూడా నా కంప్యూటరు సగటు దిశను దక్షిణంగా చూపిస్తోంది. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. వేసవి మధ్యాహ్నాల్లో హార్బరు ముఖద్వారం దగ్గర గాలి చాలా ఇబ్బంది పెడుతుందని ఓడలు నడిపేవారు చెబుతుండగా, నా వివరాల్లో అదే వేళ గాలి మందంగానే కనిపిస్తోంది. తప్పు పరికరంలో ఉందా, నా లెక్కలో ఉందా, నా అవగాహనలో ఉందా? దయచేసి దారి చూపగలరు.

మేఘమాల:

తీరపథికుడు గారికి. మొదటి రెండు చిక్కులకు సమాధానం సులభం. చాలా పరికరాలు కాలాన్ని గ్రీనిచ్ ప్రామాణిక సమయంలో నమోదు చేస్తాయి, మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. మీ పట్టికలోని ఉదయం అయిదున్నర మన గడియారంలో పదకొండు గంటలు. విశాఖ తీరంలో వేసవిలో సముద్రపు గాలి బలంగా అందుకునే వేళ దాదాపు అదే. పరికరం అమరికల్లో సమయం ఏ ప్రమాణంలో ఉందో ఒకసారి చూడండి. ఏడాది మధ్యలో ఎవరైనా దాన్ని మార్చి ఉండే అవకాశం కూడా ఉంది. అందుకే ఏడాది మొత్తానికి ఒకేసారి అయిదున్నర గంటలు కలిపేయకుండా, నెలనెలా సముద్రపు గాలి మొదలయ్యే వేళను విడిగా పరిశీలించి నిర్ధారించుకోండి.

రెండో చిక్కు దిశలను మామూలు సంఖ్యల్లా సగటు చేయడం వల్ల వచ్చింది. ఒక గాలి 350 డిగ్రీల నుంచి, మరొకటి 10 డిగ్రీల నుంచి వీస్తే రెండూ ఉత్తరపు గాలులే. వాటిని కూడి రెండుతో భాగిస్తే 180 వస్తుంది, అంటే నేరుగా దక్షిణం. ప్రతి కొలతనూ తూర్పు పడమరల భాగంగానూ, ఉత్తర దక్షిణాల భాగంగానూ విడగొట్టి, ఆ భాగాలను సగటు చేసి, చివర మళ్లీ దిశగా మార్చుకోవాలి. మా విద్యార్థుల్లో ప్రతి ఏడాదీ ఒకరిద్దరైనా ఈ పొరపాటు చేస్తారు, అందువల్ల చిన్నబుచ్చుకోకండి.

సగటు సరిగా తీసినప్పటికీ రోజంతటికీ కలిపి ఒకే సగటు దిశ చెప్పడం విశాఖ లాంటి తీరంలో పెద్దగా పనికిరాదు. తెల్లవారుజామున గాలి వాయవ్యం నుంచి, అంటే నేల మీది నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. పగలు ఆగ్నేయం నుంచి సముద్రపు గాలిగా మొదలై, పొద్దు వాలేకొద్దీ దక్షిణానికీ ఆపైన నైరుతికీ తిరుగుతుంది. వీటన్నిటినీ కలిపి ఒక సగటు తీస్తే ఆ దిక్కు నుంచి ఏ గంటలోనూ గాలి వీచి ఉండకపోవచ్చు. నెలకు ఒక విండ్ రోజ్ (ఏ దిక్కు నుంచి ఎంత తరచుగా గాలి వీచిందో చూపే బొమ్మ) గీసే బదులు, ప్రతి నెలకూ ఉదయం ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి గీసి పక్కపక్కన పెట్టి చూడండి. మూడో చిక్కు గురించి ఓడలు నడిపినవారు చెబితే బాగుంటుంది.

విశ్రాంత పైలట్:

నేను తూర్పు తీరంలో చాలా ఏళ్లు ఓడలను రేవులోకి నడిపించే హార్బరు పైలట్‌గా పనిచేసి విరమించాను. తీరపథికుడు గారి మూడో సందేహం చదివినప్పుడు సంతోషించాను. ఎందుకంటే ఈ తేడాను మేము ప్రతి రోజూ చూసేవాళ్లం కానీ, కాగితం మీద నిరూపించే తీరిక మాకు ఉండేది కాదు.

విశాఖ హార్బరు స్థలాన్ని ఒకసారి మనసులో పెట్టుకోండి. దక్షిణాన యారాడ కొండల వరుస పడమర నుంచి తూర్పుకు సాగి, సముద్రంలోకి పొడుచుకొచ్చి డాల్ఫిన్ నోస్‌గా ముగుస్తుంది. 1933లో ఓడలకు తెరిచిన లోపలి హార్బరుకు వెళ్లే ఇరుకైన కాలువ ఆ కొండ పాదాన్ని ఆనుకునే ఉంది. కాలువకు ఉత్తరాన పాత పట్నం వైపు రాస్ కొండ, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ ఉన్నాయి. నైరుతి రుతుపవనాల కాలంలో పెద్ద అలల నుంచి రక్షణ దొరుకుతుందనే కారణం కూడా ఉండబట్టే ఈ చోటును హార్బరుకు ఎంచుకున్నారు. అలలకు అడ్డమైన కొండ గాలికీ అడ్డమే. అయితే గాలి విషయంలో ఆ అడ్డు ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేము.

వేసవి మధ్యాహ్నం నైరుతి గాలి బలంగా ఉన్నప్పుడు ఒక పొడవైన ఓడ, సగం ఖాళీగా, నీటి పైన ఎత్తుగా నిలబడి, కొండ చాటున నెమ్మదిగా కదులుతోందనుకోండి. ఓడ మొత్తం చాటులో ఉన్నంతసేపు చింత లేదు. ముందుభాగం చాటు దాటి బయటికి వచ్చే క్షణంలో గాలి ఆ భాగాన్ని మాత్రమే పక్కకు నెడుతుంది. వెనుకభాగం ఇంకా కొండ నీడలోనే ఉంటుంది. దాంతో ఓడ తిరగడం మొదలుపెడుతుంది. ఓడ వేగం అయిదారు నాట్లకు (నాటు అంటే గంటకు ఒక సముద్ర మైలు) మించనప్పుడు చుక్కానికి పట్టు తక్కువగా ఉంటుంది కాబట్టి, ఆ తిరుగుడును ఆపడానికి టగ్గు (ఓడను నెట్టే, లాగే బలమైన చిన్న పడవ) మీదనే ఆధారపడాలి. సగటు వేగం ఎంత అన్నది ఆ క్షణంలో మాకు అక్కరకు రాదు. ఓడ పొడవులో ఒక కొసకూ మరొక కొసకూ గాలిలో ఎంత తేడా ఉందన్నదే మాకు కావాలి. మీ మేడ మీది పరికరం ఆ చాటులోనే ఉండి ఉంటే, అది చూపేది అబద్ధం కాదు, చాటులోని నిజం. దాన్ని ముఖద్వారానికి వర్తింపజేస్తేనే తప్పవుతుంది.

తీరపథికుడు:

మేఘమాల గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. పరికరం సమయం గ్రీనిచ్ ప్రమాణంలోనే ఉంది. సరిదిద్దిన తర్వాత సముద్రపు గాలి ఉదయం పది, పదకొండు గంటల మధ్య మొదలవుతున్నట్టు వచ్చింది. దిశల సగటు కూడా సరిపోయింది. పైలట్ గారి మాటలను మా మార్గదర్శకులకు చదివి వినిపించాను, ఆయన వాటిని ప్రాజెక్టు ముందుమాటలో చేర్చమన్నారు.

ఇప్పుడు ఇంకొక సందేహం. నా పరికరం చాటులో ఉందనుకుంటే, యూరప్ వాతావరణ కేంద్రం వారు ప్రపంచాన్ని గడులుగా విభజించి గత వాతావరణాన్ని కంప్యూటరుతో తిరిగి లెక్కించిన ఈఆర్ఏ5 వివరాలను వాడి ముఖద్వారం దగ్గరి గాలిని తెలుసుకోవచ్చా? అవి 1940 నుంచి గంటగంటకూ దొరుకుతాయి కదా.

మేఘమాల:

ఈఆర్ఏ5లో ఒక్కొక్క గడి సుమారు 31 కిలోమీటర్లు ఉంటుంది. విశాఖ నగరం, యారాడ కొండలు, హార్బరు, కైలాసగిరి, వాటి ముందున్న సముద్రం అన్నీ కలిపినా ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోతాయి. ఆ లెక్కలో డాల్ఫిన్ నోస్ అనే కొండ లేనే లేదు. బంగాళాఖాతం మీద ఆ రోజు గాలి మొత్తంగా ఎలా ఉందో, ఇరవై ముప్పై ఏళ్లలో రుతువుల తీరు ఎలా ఉందో తెలుసుకోవడానికి అది చక్కటి ఆధారం. కాలువలో గాలి ఎలా తిరిగిందో చెప్పడానికి దాన్ని వాడకండి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచనలు కూడా ప్రధానంగా బయటి సముద్రానికి ఉద్దేశించినవే, కొండ నీడకు కావు.

వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన వేగాలను పోల్చేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పక వేసుకోండి. ఎంత ఎత్తులో కొలిచారు? ఎంతసేపటి సగటు? ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం ప్రకారం నేలకు పది మీటర్ల ఎత్తులో పది నిమిషాల సగటును తీసుకోవాలి. మన వాతావరణ శాఖ తుపానులకు మూడు నిమిషాల సగటును చెబుతుంది. అమెరికా వారి కేంద్రం ఒక నిమిషం సగటును చెబుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను గరిష్ఠ వేగాన్ని మన వాళ్లు గంటకు 185 కిలోమీటర్లుగా, అమెరికా వాళ్లు 215గా అంచనా వేయడానికి ఈ తేడా ఒక కారణం. రెండు కేంద్రాల అంచనా పద్ధతులు వేరు కావడం మరొక కారణం. ఇది తెలియక రెండు సంఖ్యల్లో ఏదో ఒకటి తప్పని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఉక్కు దూలం:

నేను జెట్టీలు, క్రేన్ల పునాదుల లెక్కలు చూసే నిర్మాణ ఇంజనీరును. విద్యార్థి మిత్రుడు ఈ అధ్యయనం ఎవరి కోసమో ముందుగా తేల్చుకోవాలని నా విన్నపం. ఒకే గాలి గురించి మేము అడిగే ప్రశ్న వేరు, పైలట్ గారు అడిగే ప్రశ్న వేరు.

జెట్టీ కట్టేవాడికి యాభై ఏళ్లలో రాగల అత్యధిక గాలి కావాలి. భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం విశాఖపట్నానికి మూల వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా నిర్ణయించింది. హైదరాబాదుకు అది 44. ఇది పది మీటర్ల ఎత్తులో మూడు సెకన్ల విసురు. ఒక ఏడాది వివరాల నుంచి ఇలాంటి సంఖ్యను ఎవరూ తీయలేరు. తుపాను రాని ఏడాదిని కొలిచి తుపాను గాలిని ఊహించలేము కదా. అందుచేత నివేదికలో యాభై ఏళ్ల గాలి అనే అధ్యాయం రాయకండి.

రోజువారీ పనికి మాత్రం మీ ఏడాది కొలత అమూల్యమైనది. ఒక చిన్న లెక్క చూడండి. 300 మీటర్ల పొడవు, నీటి పైన సగటున 20 మీటర్ల ఎత్తు ఉన్న కంటైనరు ఓడకు పక్కవైపు వైశాల్యం 6,000 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద గాలి ఒత్తిడి న్యూటన్లలో సుమారుగా వేగం వర్గానికి 0.61 రెట్లు ఉంటుంది. ఆకార గుణకాన్ని ఒకటిగా తీసుకుంటే, సెకనుకు 10 మీటర్ల అడ్డగాలి, అంటే 19 నాట్ల పైచిలుకు, ఆ ఓడను దాదాపు 37 టన్నుల బలంతో నెడుతుంది. 15 మీటర్లకు అది 84 టన్నులు. 20 మీటర్లకు దాదాపు 150 టన్నులు. లాగే శక్తి 50 టన్నులున్న టగ్గును ప్రమాణంగా పెట్టుకుంటే మొదటి గాలికి ఒక టగ్గు సరిపోతుంది, రెండోదానికి రెండు కావాలి, మూడోదానికి మూడు పెట్టినా కష్టమే. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది. మీ పరికరం వేగాన్ని ఇరవై శాతం తక్కువ చూపిందంటే, బలం లెక్కలో మూడో వంతుకు పైగా మాయమైనట్టే.

ఎత్తు సంగతి కూడా చేర్చుకోండి. తెరిపి సముద్రం మీద పది మీటర్ల ఎత్తులో ఉన్న వేగం నలభై మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి సుమారు 16 శాతం పెరుగుతుంది. కంటైనరు క్రేను దూలం ఆ ఎత్తును మించే ఉంటుంది. ఈ క్రేన్లను సాధారణంగా సెకనుకు 20 మీటర్ల గాలి దగ్గర ఆపివేసి, పట్టాల మీద జారిపోకుండా పిన్నులు దించి బిగిస్తారు. క్రేను పైన కొలిచిన గాలినీ మేడ మీద కొలిచిన గాలినీ ఒకే పట్టికలో పెడితే రెండూ కాని సంఖ్య తయారవుతుంది.

జాలరిపేట:

పెద్దలందరికీ నమస్కారం. మాది వేట కుటుంబం. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను కానీ మా తాతగారు తెప్ప మీద, తర్వాత తెరచాప నావ మీద వేటకు వెళ్లినవారు. పైన మేఘమాల గారు ఉదయం ఆరు, మధ్యాహ్నం మూడు అని రెండు వేళలు చెప్పారు. ఇంజన్లు లేని రోజుల్లో మావాళ్ల వేట అంతా ఆ రెండు గాలుల మీదనే నడిచింది. తెల్లవారక ముందు నేల మీది నుంచి వీచే గాలిని తెరచాపకు పట్టి లోపలికి వెళ్లేవారు, మధ్యాహ్నం సముద్రపు గాలి పుంజుకోగానే దాని మీద ఒడ్డుకు తిరిగి వచ్చేవారు. నేల గాలి ఆ రోజు ఎప్పటిదాకా నిలుస్తుందో పొరపాటుగా అంచనా వేస్తే నడిసముద్రంలో గాలి లేక తెడ్డు వేసుకుంటూ ఎండలో మాడిపోవలసి వచ్చేది.

ఒక సంగతి గమనించమని తీరపథికుడు గారిని కోరుతున్నాను. ఒక గాలి ఆగి మరొకటి మొదలయ్యే నడుమ కొంతసేపు గాలి పూర్తిగా పడిపోతుంది. నీటి మీద నూనె పోసినట్టు మెరుపు వస్తుంది. తర్వాత దూరాన నీటి రంగు ముదిరి, సన్నని ముడతలు పడిన గీత ఒకటి ఒడ్డు వైపు నడిచి వస్తుంది. ఆ గీత వెనుకే సముద్రపు గాలి ఉంటుంది. మా తాతగారు ఆ గీతను చూసి తాడు సర్దుకునేవారు. సరైన చోట పెట్టిన పరికరాలు రెండుంటే ఆ గీత హార్బరు ముందు అలలను ఆపే గోడైన బ్రేక్‌వాటర్ దగ్గరికి ఎప్పుడు వచ్చిందో, లోపలి హార్బరుకు ఎంత ఆలస్యంగా చేరిందో కొలవవచ్చు. కొలిస్తే మా ఇంట్లో చాలా సంతోషిస్తారు.

డెల్టా తీరం:

నేను నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ దగ్గర ఉంటున్నాను. పైలట్ గారు వివరించిన అడ్డగాలి సమస్యకు ఇక్కడ ఏకంగా గోడ కట్టారు. రోజెన్‌బర్గ్ అనే ఊరి దగ్గర కాలండ్ కాలువలోకి ఎత్తైన ఓడలు వచ్చేటప్పుడు నైరుతి, పడమటి గాలులు వాటిని పక్కకు నెడుతుండేవి. అక్కడ ఒక ఇరుకైన వంతెన కూడా ఉంది. 1985లో కాలువ గట్టున సుమారు 25 మీటర్ల ఎత్తు, 1.75 కిలోమీటర్ల పొడవుతో కాంక్రీటు పలకలను వరుసగా నిలబెట్టారు. కింద నడుస్తుంటే ఏదో ప్రాచీన కోట పక్కన నడిచినట్టు ఉంటుంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ పలకల మధ్య వదిలిన ఖాళీలు. సందు లేని గోడ కడితే గాలి పైనుంచి దూకి వెనుక పెద్ద సుడులుగా తిరుగుతుంది, ఓడకు నిలకడైన గాలి కంటే ఆ సుడులే ప్రమాదం. కొంత గాలిని వడకట్టి పోనిస్తే సుడులు చిన్నబోతాయి, వేగం తగ్గుతుంది. డాల్ఫిన్ నోస్ సందు లేని గోడ లాంటిది. కాబట్టి దాని వెనుక గాలి తక్కువగా ఉంటుందని మాత్రమే అనుకోకుండా, విసురుకూ సగటుకూ మధ్య నిష్పత్తి ఎంత ఉందో చూడమని నా సలహా. కొండ నీడలో సగటు తగ్గి ఆ నిష్పత్తి పెరిగితే, పైలట్ గారి అనుభవానికి మీ వివరాల్లోనే సాక్ష్యం దొరికినట్టవుతుంది.

విశ్రాంత పైలట్:

డెల్టా తీరం గారు చెప్పిన నిష్పత్తి మాట చాలా విలువైనది. హాంకాంగ్ విమానాశ్రయంలో కూడా ఇదే చిక్కు. పక్కనున్న లాంటావ్ దీవి కొండల వెనుక గాలి చెదిరి విమానాలను కుదిపేస్తుంది కాబట్టి అక్కడి వాతావరణ కేంద్రం 2002లోనే లేజరు కిరణాలతో దూరం నుంచి గాలిని కొలిచే లైడారును నెలకొల్పింది. హార్బరులకు కూడా అలాంటివి వస్తే బాగుంటుందని మేము అనుకునేవాళ్లం.

తుపాను గురించి కూడా రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే గాలి దిశను ఓడరేవులు ఎంత చక్కగా సంకేతంలో ఇమిడ్చాయో చాలామందికి తెలియదు. ఎనిమిదో నంబరు జెండా అంటే తుపాను ఓడరేవును తన దారికి ఎడమవైపు ఉంచి తీరం దాటుతుందని, తొమ్మిది అంటే కుడివైపు ఉంచి దాటుతుందని, పది అంటే ఓడరేవు మీదుగానో అతి సమీపంగానో దాటుతుందని అర్థం. మన తీరానికి తుపాను సాధారణంగా పడమరకో వాయవ్యానికో వస్తుంది, దాని చుట్టూ గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. ఎనిమిది ఎగిరితే గాలి ప్రధానంగా నేల మీది నుంచి సముద్రం వైపు, తొమ్మిది ఎగిరితే సముద్రం నుంచి నేల మీదికి వస్తుంది. జెట్టీకి కట్టిన ఓడకు తాళ్లు ఎటువైపు బిగించాలో ఆ ఒక్క అంకె చెబుతుంది. పది ఎగిరితే రెండువైపులా బిగించాలి. హుద్‌హుద్ కన్ను నగరం మీదుగా వెళ్లినప్పుడు మొదట ఉత్తరపు దిక్కుల నుంచి వీచిన గాలి, కొంతసేపు నిలిచిపోయి, ఆ తర్వాత దక్షిణపు దిక్కుల నుంచి తిరగబడింది. ఆ నడిమి నిశ్శబ్దంలో తుపాను అయిపోయిందని ఇళ్లలోంచి బయటికి వచ్చినవారు ఉన్నారు.

రేవు పక్క ఇల్లు:

నా ఊరి పేరు, రేవు పేరు రాయడం లేదు. నా చిన్నతనం బొగ్గు గుట్టలకు అర కిలోమీటరు దూరంలో గడిచింది. ఇక్కడ అందరూ బలమైన గాలి గురించే మాట్లాడుతున్నారు. మాకు భయం బలమైన గాలితో పాటు తెల్లవారుజామున కదలీ కదలని గాలితో కూడా ఉండేది. బలమైన గాలికి గుట్టల మీది పొడి లేచి దూరంగా పోయేది. మందమైన గాలికి, బండ్లు తిరిగినప్పుడు లేచిన పొడి పైకి చెదరకుండా నేలబారుగా వచ్చి మా వీధిలో దిగేది. మా అమ్మ అరుగు మీద ముగ్గు వేసేముందు వేలితో గచ్చును రాసి చూసేది, వేలు నల్లబడితే రాత్రి గాలి రేవు వైపు నుంచి వచ్చిందని చెప్పేది. మీ అధ్యయనంలో సెకనుకు రెండు మీటర్ల కంటే తక్కువ వేగం ఉన్న గంటలను నిశ్చలం అని పేరుపెట్టి పక్కన పడేయకండి. ఆ గంటల దిశ రేవు పక్కన కాపురముండే వారికి కావాలి.

మేఘమాల:

రేవు పక్క ఇల్లు గారు చెప్పినదానికి సాంకేతికంగా ఒక మాట చేర్చాలి. గిన్నెల అనిమోమీటరు కదలడానికి కొంత కనీస గాలి అవసరం. ఉప్పుగాలికి బేరింగు బిగుసుకుపోతే ఆ కనీసం ఇంకా పెరుగుతుంది, మందమైన గాలికి అది సున్నా చూపిస్తుంది. ఏడాది మొదటి నెలల్లో కంటే చివరి నెలల్లో సున్నాలు ఎక్కువయ్యాయేమో తీరపథికుడు గారు లెక్కించాలి. ధ్వని తరంగాలతో కొలిచే పరికరానికి తిరిగే భాగాలు ఉండవు కాబట్టి ఈ జబ్బు రాదు.

ఉక్కు దూలం:

నా అభిప్రాయంలో ఇన్ని పరికరాల అవసరం లేదు. కొండల ఆకారాన్ని కంప్యూటరులో పెట్టి, నైరుతి గాలిని ఒక పక్క నుంచి వదిలి, హార్బరు అంతటా ప్రవాహాన్ని లెక్కించవచ్చు. పుణె దగ్గరి కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం అలల విషయంలో ఓడరేవుల నమూనాలు కట్టి దశాబ్దాలుగా ఇలాంటి పనే చేస్తోంది. గాలికీ అదే చేయవచ్చు.

మేఘమాల:

చేయవచ్చు, చేయాలి కూడా. కానీ ఆ లెక్క సరైనదో కాదో కనీసం రెండు మూడు చోట్ల కొలతతో సరిచూడకపోతే రంగురంగుల బొమ్మ మిగులుతుంది. పైగా సముద్రపు గాలి నేల వేడి వల్ల పుట్టేది. ఒక పక్క నుంచి నిలకడగా వదిలిన గాలితో చేసే మామూలు లెక్కలో ఆ వేడి ఉండదు. వేసవి మధ్యాహ్నపు నైరుతి గాలికి మీ పద్ధతి నాకు సమ్మతమే. ఉదయపు గాలి మార్పిడికి సమ్మతం కాదు.

ఉక్కు దూలం:

ఆ వేడి విషయం నేను తగినంత ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. కొలత ముందు, కంప్యూటరు తర్వాత.

తీరపథికుడు:

ఆలస్యానికి మన్నించాలి. నిన్న పరికరం ఉన్న మేడ ఎక్కడానికి అనుమతి దొరికింది. ఏడాది వివరాలతో ఇన్ని నెలలు కూర్చున్నాను కానీ, ఆ పరికరాన్ని కళ్లారా చూడటం ఇదే మొదటిసారి. స్తంభం ఎత్తు మేడ మీది నుంచి మూడు మీటర్లే. దానికి నైరుతి దిక్కున, చేయి చాపితే అందేంత దగ్గరలో, నీళ్ల ట్యాంకు ఉంది. అడ్డంకి ఎత్తుకు కనీసం పది రెట్ల దూరంలో పరికరం ఉండాలని పుస్తకంలో చదివిన నేను ఆ ట్యాంకును చూసి కొంతసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. అంటే నా పరికరం రెండు చాటులలో ఉంది. దూరాన కొండ, పక్కన ట్యాంకు.

ఇంకొకటి దొరికింది. దిశ చూపే రెక్క మీది ఉత్తరం గుర్తు పిట్టగోడకు సమాంతరంగా ఉంది. అమర్చినవారు భవనం సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉందనుకుని గోడను ఆనవాలుగా పెట్టుకున్నట్టున్నారు. దిక్సూచితో చూస్తే గోడ ఉత్తరానికి ఇరవై డిగ్రీల వరకు తూర్పుకు ఒరిగి ఉంది. విశాఖలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి దిక్సూచిని అనుమానించనక్కరలేదు. ఏడాది దిశలన్నిటికీ ఆ ఇరవై డిగ్రీలు కలపాలి. తెల్లవారుజామున వీచే గాలి నా పట్టికలో పడమరకు ఎక్కువగా ఎందుకు జరిగిందో ఇప్పుడు అర్థమైంది.

డెల్టా తీరం గారి సలహా ప్రకారం విసురుకూ సగటుకూ నిష్పత్తిని దిక్కులవారీగా తీశాను. నైరుతి గాలికి అది మిగతా దిక్కుల కంటే స్పష్టంగా ఎక్కువ. అయితే ట్యాంకు కూడా అదే దిక్కున ఉండటంతో, ఇందులో కొండ వాటా ఎంతో, ట్యాంకు వాటా ఎంతో విడదీయలేకపోతున్నాను. అందువల్ల ఈ నిష్పత్తిని నివేదికలో ఫలితంగా రాయడం లేదు, సమస్యగా రాస్తున్నాను. వచ్చే వేసవికి రెండు ధ్వని తరంగ పరికరాలను అరువు తెస్తామని మా మార్గదర్శకులు మాట ఇచ్చారు. ఒకటి కొండ చాటు లేని బ్రేక్‌వాటర్ వైపు, ఒకటి లోపలి కాలువ వైపు పెట్టడానికి అనుమతి అడుగుతున్నాము. రెండు గడియారాలూ ఒకే సమయంలో ఉండేలా నేనే స్వయంగా చూసుకుంటాను.

జాలరిపేట:

బ్రేక్‌వాటర్ వైపు పెట్టేటప్పుడు నాకు తెలియజేయండి. మా చిన్నాన్న రోజూ తెల్లవారుజామున అటుగా పడవలో వెళ్తారు. నీటి మీద ముడతల గీత ఏ వేళకు ఎక్కడ కనిపించిందో ఫోనులో చెప్పమంటే చెబుతారు. మీ పరికరంతో సరిచూసుకోవచ్చు.

విశ్రాంత పైలట్:

తీరపథికుడు గారూ, ట్యాంకు సంగతి దాచకుండా రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను. మీ నివేదిక పూర్తయ్యాక దానితో పాటు ఒక్క పేజీ విడిగా తయారు చేయండి. వేగాలు మీటర్లలో కాకుండా నాట్లలో ఉండాలి. గాలి వచ్చే దిక్కును బాణంతో చూపండి, పక్కనే నీటి ప్రవాహం పోయే దిక్కును వేరే రంగులో చూపండి, ఎందుకంటే గాలిని వచ్చే దిక్కుతోనూ నీటిని పోయే దిక్కుతోనూ చెప్పడం మా వాడుక, కొత్తగా వచ్చిన పైలట్లు మొదట తడబడేది అక్కడే. నెలకు రెండు బొమ్మలు చాలు, ఉదయానికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి. అక్షరాలు పెద్దవిగా ఉంచండి. పైలట్ల గదిలో కిటికీ పక్కన గోడ మీద అతికిస్తే, ఓడ ఎక్కడానికి బయల్దేరేవారు తలుపు దాటేలోపు చదువుకుంటారు.